జ్వరం తగ్గింది, దగ్గు తగ్గలేదు: గుర్రానికి మళ్ళీ బరువు ఎప్పుడు ఎత్తాలి?

మన్యంబాట (పాడేరు వైపు), సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. మాది కొండ మీద ఊరు. రోడ్డు కింద ఆగిపోతుంది, అక్కడి నుంచి బియ్యం, ఉప్పు, నూనె అన్నీ గుర్రం మీదే పైకి వస్తాయి. మిరియాలు, పసుపు, కాఫీ గింజలు దాని మీదే సంతకి దిగుతాయి. మా నాన్నకి రెండు పొట్టి గుర్రాలున్నాయి, ఒక మగది, ఒక ఆడది.

పదిహేను రోజుల కింద ఆడదానికి జ్వరం వచ్చింది. థర్మామీటర్ పెడితే 104 చూపించింది. పొడి దగ్గు, ముక్కు నుంచి ముందు నీళ్ళలా, తర్వాత చిక్కగా కారింది. మేత ముట్టలేదు. నాలుగు రోజులకి జ్వరం దిగింది. మగదానికి ఒక్క రోజు ఒళ్ళు వెచ్చబడి ఊరుకుంది. ఇప్పుడు ఆడది బాగానే తింటోంది, సకిలిస్తోంది. "తిరుగుతోంది కదా, గురువారం సంతకి కడదాం" అంటారు నాన్న.

నిన్న బరువు లేకుండానే సగం కొండ ఎక్కించి చూశాను. మలుపు దగ్గర ఆగిపోయింది. ముక్కుపుటాలు గుండ్రంగా తెరుచుకుని లోపలి ఎరుపంతా కనిపించింది. డొక్కలెగరేస్తూ, తల కిందికి వంచి ఆగకుండా దగ్గింది. పావుగంటైనా రొప్పు తగ్గలేదు. నాకు భయం వేసి దించేశాను. దగ్గు మందు ఏదైనా పోసి ఒక వారం చూస్తే సరిపోతుందా? సంతకి పోకపోతే ఇంట్లో గడవదు, అందుకే అడుగుతున్నాను.

పశువైద్యురాలు (వరంగల్), సోమవారం రాత్రి

తమ్ముడూ, దించేసి మంచిపని చేశావు. ముందు ఇవి చూసి చెప్పు. దవడ కింద గడ్డలేమైనా వాచాయా? ముక్కు ఒకవైపే కారుతోందా, రెండువైపులా? ముక్కు లోపల గానీ ఒంటి మీద గానీ పుండ్లు, కణుపులు ఉన్నాయా? కదలకుండా నిలబడ్డప్పుడు డొక్క నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతోంది?

పుండ్లు ఉండి, పసుపు రంగులో జిగురులా కారుతుంటే దాన్ని అసలు ముట్టుకోకు, వెంటనే ప్రభుత్వ పశువైద్యశాలకి చెప్పు. గ్లాండర్స్ అనే జబ్బు అలా కనిపిస్తుంది, అది మనుషులకీ అంటుకుంటుంది. నీ మాటలను బట్టి అది అనిపించడం లేదు, కానీ అడగకుండా వదిలేసేది కాదు.

ఇంకో మాట. గొట్టంతో ఏ మందూ పోయొద్దు. ఆవులకి పోసినట్టు వెదురు గొట్టం నోట్లో పెట్టి తల ఎత్తిపట్టి పోస్తే, దగ్గుతున్న గుర్రానికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉన్న జబ్బుకి న్యుమోనియా తోడవుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చిన యాంటీబయోటిక్ బిళ్ళలు కూడా వద్దు. వాటిలో కొన్ని గుర్రం పేగుల్లో మేత అరిగించే సూక్ష్మజీవుల్ని చంపేస్తాయి. విరేచనాలు పట్టుకుని రెండు మూడు రోజుల్లో ప్రాణం పోయిన గుర్రాలను నా కళ్ళతో చూశాను.

మన్యంబాట, మంగళవారం పొద్దున్న

డాక్టరమ్మ గారూ, దవడ కింద గడ్డల్లేవు. పుండ్లు లేవు. ముక్కు రెండువైపులా కొంచెం తెల్లగా కారుతోంది. తెల్లవారుజామున లెక్కపెట్టాను, నిమిషానికి 22 వచ్చింది. జ్వరం 100.4 ఉంది.

పశువైద్యురాలు (వరంగల్), మంగళవారం మధ్యాహ్నం

జ్వరం లేదు. 99 నుంచి 101 దాకా గుర్రానికి మామూలే. ఊపిరి మాత్రం ఎక్కువగా ఉంది. ఊరికే నిలబడ్డ గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు పీలుస్తుంది. అంటే లోపల ఇంకా మానలేదు.

చూడకుండా రోగం పేరు ఖాయం చేయలేను గానీ, ఒకేసారి రెండింటికీ రావడం, గట్టి జ్వరం, పొడి దగ్గు చూస్తే గుర్రపు ఫ్లూ లాగే ఉంది. మన దేశంలో 1987లో పెద్ద ఎత్తున వచ్చింది. మళ్ళీ 2008లో జమ్మూ దగ్గర కట్రాలో మొదలై చాలా రాష్ట్రాలకి పాకింది. మనవాళ్ళు వైష్ణోదేవికి వెళ్ళి ఎక్కే గుర్రాలు, కంచర గాడిదలు ఉండే చోటే అది.

ఈ వైరస్ ఏం చేస్తుందో చెబితే నాన్నగారికి నువ్వే వివరించగలవు. గాలిగొట్టం లోపలి గోడంతా కంటికి కనిపించని సన్నటి నూగు ఉంటుంది. వరిచేను గాలికి ఊగినట్టు అది ఎప్పుడూ ఊగుతూ, లోపల పడ్డ దుమ్మునీ కఫాన్నీ గొంతువైపు తోసేస్తుంది. ఫ్లూ ఆ నూగుని పొరతో సహా ఊడగొట్టేస్తుంది. జ్వరం నాలుగు రోజుల్లో పోతుంది, నూగు మళ్ళీ మొలిచి పనిలో పడటానికి మూడు వారాలు పడుతుంది. ఈ మధ్య కాలంలో గుర్రం తింటుంది, సకిలిస్తుంది, అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అప్పుడే బరువెత్తితే, ఆయాసంతో లోతుగా పీల్చిన దుమ్మంతా కాపలా లేని ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది.

మేము పాటించే లెక్క ఇది: జ్వరం ఎన్ని రోజులు ఉంటే అన్ని వారాలు విశ్రాంతి, ఎంత తక్కువైనా మూడు వారాలు. నీ గుర్రానికి నాలుగు వారాలు. ఈ గురువారం సంత వద్దు. మగదానికీ మూడు వారాలు ఆగాలి. వీలు చూసుకుని దగ్గర్లోని పశువైద్యుడితో ఆడదాని ఛాతీ స్టెత్ పెట్టి చూపించు. మళ్ళీ జ్వరం వస్తే మాత్రం వీలు చూసుకోవద్దు, అదే రోజు చూపించు.

గోదారిగట్టు (రాజమండ్రి), మంగళవారం సాయంత్రం

మేడం గారూ, మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. కానీ నాలుగు వారాలంటే మాలాంటివాళ్ళకి ఏంటో తెలుసా? నాకు పెళ్ళి ఊరేగింపుల గుర్రాలున్నాయి. ముహూర్తాలున్న నెలల్లో సంపాదిస్తేనే మూఢాల్లో దాణా పెట్టగలం. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదండీ. దగ్గిన ప్రతి గుర్రాన్నీ నెల కూర్చోబెడితే ఉలవలు కొనేదెవరు?

చదువరి (తిరుపతి), మంగళవారం రాత్రి

గోదారిగట్టు గారూ, మీ కష్టం అర్థమైంది. నేను పశువైద్యం మూడో ఏడు చదువుతున్నాను. ఈ మధ్యే చదివిన సంగతి ఒకటి నా ఆలోచన మార్చింది, అది మీకు చెప్పాలనిపించింది.

గుర్రం పరుగు కోసమే పుట్టిన ఒళ్ళు. ఊరికే ఉన్నప్పుడు దాని గుండె నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకుంటుంది, దౌడు తీస్తే 220 దాటుతుంది. బల్ల, అంటే ప్లీహం, ఎర్ర రక్తకణాల్ని దాచి పెట్టుకుంటుంది. పరుగు మొదలవగానే గుప్పిట బిగించినట్టు ముడుచుకుని వాటన్నిటినీ రక్తంలోకి వదులుతుంది. వందలో 35, 40 పాళ్ళున్న కణాలు 60 పైకి పోతాయి. మనిషికి అంత వసతి లేదు.

శిక్షణ ఇస్తే గుర్రం గుండె పెరుగుతుంది, కండ పెరుగుతుంది, రక్తం పెరుగుతుంది. ఆస్ట్రేలియా పందెపు గుర్రం ఫార్ లాప్ 1932లో చనిపోయింది. దాని గుండె 6 కిలోల పైన తూగింది, ఇప్పటికీ మ్యూజియంలో పెట్టి చూపిస్తున్నారు. కానీ ఊపిరితిత్తులు మాత్రం శిక్షణతో పెరగవు. గుర్రం ఏ ఊపిరితిత్తులతో పెరిగి పెద్దదైందో చివరిదాకా వాటితోనే నడవాలి. పూర్తి ఆరోగ్యంగా ఉన్న పందెపు గుర్రానికి కూడా పూర్తి దౌడులో రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. గుండె పంపే వేగానికి ఊపిరితిత్తులు అందించలేవు. అంటే మొత్తం బండిలో సన్న ఇరుసు అదే. దానికి మచ్చ పడితే ఎంత దాణా పెట్టినా, ఎంత నడిపినా పూడదు.

పైగా గుర్రం నోటితో గాలి పీల్చలేదు, ముక్కొక్కటే దారి. దౌడులో ఒక్కో అంగకి ఒక్కో ఊపిరి. ముందుకాళ్ళు నేలని తాకినప్పుడు గాలి బయటికి, ఒళ్ళు లేచినప్పుడు లోపలికి. మనలాగా మధ్యలో రెండు ఊపిర్లు ఎక్కువ తీసుకుందామన్నా కుదరదు. అందుకే ముక్కులో కొంచెం వాపు, గొట్టంలో కొంచెం కఫం ఉన్నా దానికి అంత కష్టం.

పాత సైసు, బుధవారం పొద్దున్న

అబ్బాయి చదువుకుని చెప్పింది, నేను పందెపు గుర్రాలకి సైసుగా, అంటే వాటిని చూసుకునేవాడిగా, నలభై ఒక్క ఏళ్ళు తబేలాల్లో చూసి చెబుతున్నాను. మలక్‌పేటలో మొదలుపెట్టాను, మైసూరు, ఊటీ కూడా తిరిగాను.

ఎక్కడో, ఎవరి దగ్గరో చెప్పను. నా చేతిలో మూడేళ్ళ ఆడ గుర్రం ఉండేది, నల్లది, నుదుట చుక్క. తెల్లారి పని చేయిస్తుంటే రెండుసార్లు దగ్గింది. జ్వరం వచ్చి తగ్గి పది రోజులు కూడా కాలేదు. నేను పోయి చెప్పాను. "దుమ్ము వల్ల దగ్గిందిలే" అన్నారు. శనివారం పరిగెత్తించారు. దారి సగం దాకా ముందుంది, ఆ తర్వాత ఒక్కసారిగా వెనకపడింది. తిరిగొచ్చాక తల దించింది, రెండు ముక్కురంధ్రాల నుంచి నెత్తురు నా చొక్కా మీద పడింది. గట్టిగా పరిగెత్తే గుర్రాలకి ఊపిరితిత్తుల్లో నెత్తురు చిమ్మడం నేను చాలా చూశాను, అది కొత్త కాదు. కానీ ఆ పిల్ల మళ్ళీ కోలుకోలేదు. మళ్ళీ ఎప్పుడూ పూర్తిగా ఊపిరి తీయడం నేను చూడలేదు.

గోదారి తమ్ముడూ, నెల పోగొట్టుకో. గుర్రాన్ని పోగొట్టుకోకు.

మన్యం అబ్బాయికి ఒక ఉపాయం. నాడి చూడటం నేర్చుకో. కింది దవడ ఎముక లోపలి అంచు వెంట రెండు వేళ్ళు నెమ్మదిగా జరుపు. తాడులా ఒక నరం జారుతుంది, అదే. మెల్లగా ఒత్తి పట్టుకో. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయి. రోజూ పొద్దున్నే, మేత వెయ్యకముందు చూడు. వారం చూశావంటే, ఏ రోజైనా ఒంట్లో బాగోలేకపోతే తింటున్నా సరే నీకు వేళ్ళ కిందే తెలిసిపోతుంది.

ఎండాకాలం కాబట్టి ఇంకోటి. రొప్పుతున్న గుర్రం మీద చన్నీళ్ళు పోయకండి. కండలు పట్టేస్తాయి. మా ఉస్తాద్ చెప్పిన మాట.

డాలస్ అమ్మ, బుధవారం

సైసు తాత గారికి నమస్కారం. మీ పోస్టు చదివి చాలాసేపు బాధపడ్డాను. చన్నీళ్ళ మాట మీద మాత్రం ఒకటి చెప్పాలి, ఏమీ అనుకోవద్దు.

మా అమ్మాయి ఇక్కడ టెక్సాస్‌లో దూరప్రయాణపు పోటీల్లో గుర్రం నడుపుతుంది. 50 మైళ్ళ దారిలో మధ్యమధ్య గుర్రాన్ని పరీక్షించే గేటు ఉంటుంది. అక్కడికి రాగానే నిర్ణయించిన సమయంలోగా గుండె 64కి దిగాలి, దిగకపోతే ఇంటికే. జూన్ ఎండలో గేటు దగ్గర అందరం చేసే మొదటి పని మంచునీళ్ళు పోయడమే. మెడ, ఛాతీ, పొట్ట, తొడల లోపల, వీపు, ఒళ్ళంతా పోస్తాం. ఇన్నేళ్ళలో ఆ నీళ్ళ వల్ల కండలు పట్టేసిన గుర్రాన్ని చూడలేదు.

మొదటిసారి నేను పోసినప్పుడు పొట్ట కింద చెయ్యి పెట్టాను. పైన పోసింది మంచునీళ్ళు, కింద కారినవి బాగా వెచ్చగా ఉన్నాయి. మూడో బకెట్‌కి గోరువెచ్చగా, ఏడో ఎనిమిదో బకెట్‌కి చల్లగా వచ్చాయి. అప్పటిదాకా ఆపకూడదని మాకు చెప్పారు.

పశువైద్యురాలు (వరంగల్), బుధవారం రాత్రి

అమ్మగారు చెప్పింది సరైనదే. సైసు తాత గారూ, మీ ఉస్తాద్ మాటని మా కాలేజీలో పాత మాస్టార్లు కూడా చెప్పేవారు, మీ తప్పు కాదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఎండకి గుర్రాలు బాగా ఇబ్బంది పడ్డాయి. 1996లో అట్లాంటా ఇంకా ఉక్కగా ఉంటుందని ముందే భయపడి పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. చన్నీళ్ళు పోసిన గుర్రాలు త్వరగా చల్లబడ్డాయి, కండలకి ఏమీ కాలేదు. అట్లాంటాలో నీటి తుంపర చల్లే ఫ్యాన్లు కూడా పెట్టారు.

ఎందుకింత వేడంటే, కండలో ఖర్చయ్యే శక్తిలో నాలుగింట మూడొంతుల పైగా వేడిగానే పోతుంది. గుర్రం ఒంటి బరువుతో పోలిస్తే చర్మం మనకంటే చాలా తక్కువ. కాబట్టి చెమటే దిక్కు. ఎండలో గంటకి 10 లీటర్ల పైన కూడా చెమట పోస్తుంది. తొడల మధ్య, పగ్గం రాసుకునే చోట తెల్లటి నురగ చూసే ఉంటారు. ఆ చెమటలో సబ్బు లాంటి ఒక ప్రోటీన్ ఉంటుంది, చెమట వెంట్రుకల మీదుగా పాకి ఆరడానికి అది సాయం.

తడి గోనెసంచి, తడి తువ్వాలు వీపు మీద కప్పి వదిలేయకండి, వేడి లోపలే ఆగిపోతుంది. నీళ్ళు ఆపకుండా పోయాలి. నీళ్ళు తక్కువుంటే, పోసినవి వెచ్చబడగానే అరచేత్తో గీకేసి మళ్ళీ పోయాలి.

ఉప్పు మాట కూడా. మన చెమట మన రక్తం కంటే పలచన, అందుకే రక్తం చిక్కబడి దాహం వేస్తుంది. గుర్రం చెమట రక్తమంత ఉప్పగా, ఇంకా ఎక్కువగా కూడా ఉంటుంది. నీళ్ళూ ఉప్పూ కలిసే పోతాయి కాబట్టి ఎండిపోయినా దానికి దాహం అంతగా తెలియదు. "నీళ్ళు పెట్టాను, తాగలేదు, అంటే అక్కర్లేదు" అనుకోకండి. దాణాలో ఉప్పు వేయండి, కొండ గుర్రానికైతే రోజుకి రెండు చెంచాలు. ఒక బకెట్ మామూలు నీళ్ళు మాత్రం ఎప్పుడూ పక్కన ఉండాలి.

పాత సైసు, గురువారం పొద్దున్న

డాక్టరమ్మా, కొలిచి చూశామంటున్నారు కాబట్టి ఒప్పుకుంటాను. ఎండదెబ్బ తగిలి పడిపోయిన గుర్రం పక్కన, నీళ్ళు చేతిలో పెట్టుకుని పోయకుండా నిలబడ్డ రోజు ఒకటి నాకు గుర్తుంది. ఇప్పుడు దాని గురించి ఇంకేం రాయలేను.

గోదారిగట్టు (రాజమండ్రి), గురువారం మధ్యాహ్నం

తాతా, మీ మాటలు రెండుసార్లు చదివాను.

నాదొక ప్రశ్న. నా దగ్గర పందేల నుంచి దిగిపోయిన తెల్ల గుర్రం ఉంది. పోయిన వారం ఊరేగింపులో, రాత్రి తొమ్మిది గంటలకి, వీపు మీద జరీ మఖ్మల్, పక్కన జనరేటర్ లైట్లు, అడుగడుక్కీ ఆగి డాన్సులు. గుర్రం కుక్కలా రొప్పడం మొదలెట్టింది. చెయ్యి వేస్తే ఒళ్ళు పెనంలా కాలుతోంది, కానీ చెమట చుక్క లేదు. పోయిన ఏడాది బాగా పట్టేది. రెండు నెలలుగా మెడ మీద, జూలు కింద తప్ప ఎక్కడా తడి కనిపించడం లేదు. ఇదేం జబ్బు?

పశువైద్యురాలు (వరంగల్), గురువారం రాత్రి

దీన్ని చెమట ఆగిపోవడం అంటాం. ఇంగ్లండ్ నుంచి మన దేశానికి తెచ్చిన గుర్రాల్లో వందేళ్ళ కిందటే ఇక్కడి బ్రిటిష్ వాళ్ళు గమనించి "పొడి ఒళ్ళు" అని పేరు పెట్టారు. ఉక్క ఎక్కువున్న చోట నెలల తరబడి చెమట పట్టీ పట్టీ గ్రంథులు స్పందించడం మానేస్తాయి. ఖాయంగా నయం చేసే మందు లేదు. నీడ, ఫ్యాన్, నీళ్ళు, చల్లటి పూట పని, వీలైతే చల్లటి ప్రాంతానికి మార్చడం, అంతే. దయచేసి ఈ వేసవికి ఆ గుర్రాన్ని ఊరేగింపులకి పంపకండి. ఈసారి అలా రొప్పితే మఖ్మల్ అక్కడికక్కడే తీసేసి, ఎక్కడ కుళాయి ఉంటే అక్కడ నీళ్ళు పోయండి. పెళ్ళికొడుకు నడిచి వెళ్తాడు.

డాలస్ అమ్మ, గురువారం

గోదారిగట్టు బాబూ, మేము చూసుకునే లెక్క ఒకటి పనికొస్తుందేమో. ఫారెన్‌హీట్‌లో ఎండ ఎంతో, గాలిలో తేమ శాతం ఎంతో రెండూ కలపాలి. 130 లోపు అయితే గుర్రం తనంతట తాను చల్లబడుతుంది. 150 దాటితే మనం సాయం చేయాలి. 180 దాటితే జీను వేయం. రాజమండ్రిలో మే నెల రాత్రి 90 డిగ్రీలు, 70 తేమ అంటే 160. పొద్దుపోయింది, చల్లబడింది అనుకుంటాం కానీ తేమ పెరుగుతుంది కదా, చెమట ఆరదు.

ఇంకోటి, గుండె కంటే ఊపిరి వేగంగా ఉందంటే ఒళ్ళు బాగా వేడెక్కిందని మాకు గుర్తు. వెంటనే ఆపేస్తాం.

చదువరి (తిరుపతి), శుక్రవారం

పని ఆపలేకపోవడం గురించి అనుకుంటుంటే ఒకటి గుర్తొచ్చింది. 1872లో ఈ గుర్రపు ఫ్లూనే కెనడాలోని టొరంటో దగ్గర మొదలై అమెరికా అంతా పాకింది. ఊళ్ళలో బళ్ళు ఆగిపోయాయి. నవంబర్‌లో బోస్టన్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగితే, ఫైరింజన్లు లాగే గుర్రాలు జబ్బుతో ఉన్నందువల్ల మనుషులే తాళ్ళు పట్టి లాగారు. ఇప్పుడు టీకా ఉంది. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం మన దగ్గర తిరిగే వైరస్‌తోనే టీకా తయారు చేసింది. గోదారిగట్టు గారూ, మీ గుర్రాలు పది ఊళ్ళు తిరిగి వేరే గుర్రాల పక్కన నిలబడతాయి కాబట్టి మీ డాక్టర్ గారిని టీకా గురించి తప్పకుండా అడగండి.

మన్యంబాట (పాడేరు వైపు), మూడు వారాల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. ఆ గురువారం సంతకి కట్టలేదు. నాన్న ముందు కోప్పడ్డారు. సైసు తాత రాసింది చదివి వినిపించాను. ఏమీ అనలేదు, పొద్దున్న చూస్తే మా మావయ్య, తను కావిడి వేసుకుని పసుపు దించుతున్నారు. మూడు సంతలు అలాగే గడిచాయి.

పశువుల డాక్టర్ గారు వచ్చి ఛాతీ విన్నారు, నీరు పట్టలేదన్నారు. ఇప్పుడు ఊపిరి 14, నాడి 40. మొన్న మలుపు దాటి పైదాకా ఖాళీగా నడిచింది. రెండుసార్లే దగ్గింది. పైకెళ్ళాక పది నిమిషాల్లో ఊపిరి 18కి దిగింది. నాడి నాన్నే చూస్తున్నారు, నాకంటే బాగా దొరుకుతోంది ఆయనకి.

ఒక సందేహం. వానలు మొదలయ్యాయి. పాకలో గడ్డి వాసన వస్తోంది, కట్ట విప్పితే తెల్లగా పొగలా లేస్తోంది. అది వేయొచ్చా?

పశువైద్యురాలు (వరంగల్), అదే రాత్రి

వేయొద్దు. ఆ పొగ బూజే, అది గుర్రానికి ఉబ్బసం తెచ్చిపెడుతుంది. ఈ స్థితిలో ఉన్నదానికి మరీ త్వరగా. పచ్చిగడ్డి కోసి పెట్టు. ఎండుగడ్డి తప్పదంటే బూజు లేనిది చూసి, అరగంట నీళ్ళలో నానబెట్టి నేల మీదే వేయి. తల దించి తింటే లోపలి కఫం కిందికి జారుతుంది. కట్టు తాడు కూడా పొట్టిగా కట్టకు, తల నేలని తాకాలి. బరువు ఇంకో వారం ఆగి, మొదట మామూలు మూటలో సగంతో మొదలుపెట్టు.

పాత సైసు, మరుసటి పొద్దున్న

మొదటి రోజు పొద్దున్నే ఎండ రాకముందే బయల్దేరు అబ్బాయ్. ఆ మలుపు దగ్గర అది ఆగకపోయినా నువ్వు ఆపు. ఊపిరి లెక్కపెట్టి, ఇక్కడ రాయి.